స్టూడెంట్‌లైఫ్ అధ్యయనము

స్టూడెంట్‌లైఫ్ అనునది కళాశాల విద్యార్థుల మానసిక స్థితికీ, దినచర్యకూ, చదువుకూ మధ్య గల సంబంధాన్ని మొబైల్ ఫోను (చరవాణి) ద్వారా పరిశీలించిన ఒక అధ్యయనము. ఇది 2013 వసంతకాలంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూ హాంప్‌షైర్‌లో గల డార్ట్‌మత్ కళాశాలలో జరిగినది. అచ్చటి కంప్యూటర్ శాస్త్ర ఆచార్యుడు ఆండ్రూ కాంప్‌బెల్ దీనికి నాయకత్వం వహించాడు. ఫలితాలు 2014లో సియాటిల్ నగరంలో జరిగిన యుబికాంప్ సదస్సులో ప్రకటింపబడినవి. ఫోనులోని సెన్సర్ల సాయంతో విద్యార్థుల మానసిక ఆరోగ్యాన్ని రాత్రింబవళ్ళు గమనించిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

నేపథ్యము

ఒకే తరగతిలో, ఒకే పాఠం విని, ఒకే వసతిగృహంలో ఉన్న విద్యార్థులలో కొందరు రాణించగా మరికొందరు మధ్యలోనే ఎందుకు కుంగిపోవుచున్నారు అనునది ఈ అధ్యయనానికి మూలమైన ప్రశ్న. మానసికంగా నలిగిపోవు విద్యార్థి తనంతట తాను సలహాదారు వద్దకు వెళ్ళుట అరుదు. పరీక్షలో తప్పిన తరువాతనో, తరగతికి రావడం మానిన తరువాతనో గాని విషయం అధ్యాపకులకు తెలియదు. అప్పటికి చాలా కాలం గడచిపోయి ఉండును. ఎల్లవేళలా విద్యార్థి జేబులో ఉండే ఫోను ఈ మార్పును ముందుగా పసిగట్టగలదా అని పరిశోధకులు ఆలోచించారు.

పని చేయు విధానము

డార్ట్‌మత్‌లో ఒక పాఠ్యకాలము పది వారాలు మాత్రమే. ఆ పది వారాల పాటు 48 మంది విద్యార్థుల నుండి సమాచారం సేకరించబడినది. వీరిలో 30 మంది పట్టభద్ర పూర్వ స్థాయి వారు, 18 మంది ఆ పై తరగతుల వారు. అందరూ స్మార్ట్‌ఫోన్లకు ప్రోగ్రాములు వ్రాయుట నేర్పు ఒకే తరగతికి చెందినవారు. ఆండ్రాయిడ్ ఫోను లేనివారికి పరిశోధకులే ఫోన్లను సమకూర్చారు.

ఫోనులో స్థాపించిన సాఫ్ట్‌వేరు విద్యార్థి ప్రమేయం లేకుండానే పని చేయును. కదలికలను కొలుచు సెన్సరు వలన ఆ వ్యక్తి నడచుచున్నాడా, కదలక కూర్చున్నాడా అనునది తెలియును. జి.పి.ఎస్., వై-ఫై సంకేతాల వలన గ్రంథాలయంలో ఉన్నాడా, గదిలో ఉన్నాడా అనునది తెలియును. నిద్రను అంచనా వేయు పద్ధతి మరింత ఆసక్తికరమైనది. గదిలో చీకటి, నిశ్శబ్దం, కదలని ఫోను, చాలా సేపు తెరవని తెర అను నాలుగింటినీ కలిపి చూచి నిద్ర వ్యవధిని లెక్కించెదరు. మంచం మీద ప్రత్యేక యంత్రమేదీ అవసరం లేదు. మైక్రోఫోను చుట్టుప్రక్కల మనుషుల సంభాషణ జరుగుచున్నదా లేదా అని మాత్రమే గుర్తించును, మాటలను భద్రపరచదు.

వీటికి తోడు రోజుకు కొన్నిసార్లు ఫోను తెరపై చిన్న ప్రశ్నలు కనిపించేవి. ఒత్తిడి ఎంత ఉన్నది, మనసు ఎట్లున్నది వంటివి అందులో ఉండేవి. అధ్యయనం మొదట, చివర పి.హెచ్.క్యు.-9 అను ప్రశ్నావళిని నింపించారు. కుంగుబాటు తీవ్రతను కొలుచుటకు వైద్యులు వాడే ఈ పత్రంలో 9 ప్రశ్నలుండును. ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు, మొత్తం 27 వరకు మార్కులు. ఫోను సేకరించిన సమాచారాన్ని ఈ మార్కులతోను, విద్యార్థి పరీక్షా ఫలితాలతోను పోల్చి చూచారు.

ఫలితాలు

పాఠ్యకాలం మొదట్లో విద్యార్థులు ఉత్సాహంగా ఉన్నారు. బాగా నిద్రించారు, ఎక్కువగా మాటలాడుకున్నారు, ఒత్తిడి తక్కువ. వారాలు గడచి పని భారం పెరిగిన కొలది ఒత్తిడి హెచ్చినది, నిద్ర, సంభాషణ, కదలిక తగ్గినవి. కుంగుబాటు మార్కులు ఎక్కువగా ఉన్నవారిలో నిద్ర తక్కువగాను, ఇతరులతో సంభాషణలు తక్కువగాను ఉన్నట్లు తేలినది. అనగా గదిలో ఒంటరిగా, మౌనంగా గడపుట అను లక్షణాన్ని ఫోను లెక్కగట్టగలిగినది. తల్లులకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చును, కాని వసతిగృహంలో దానిని గమనించు తల్లి ఉండదు.

తరగతికి హాజరగుటకు, మార్కులకు మధ్య సంబంధమేదీ కనిపించలేదన్నది మరొక ఫలితం. ఉపాధ్యాయులకు ఇది అంతగా రుచించదు. అయితే ఒకే తరగతికి చెందిన 48 మంది, అందులో 38 మంది పురుషులు, ఒకే ధనిక కళాశాల అనునవి గుర్తుంచుకొనవలెను. నిద్ర తగ్గుట వలన కుంగుబాటు కలిగినదా, కుంగుబాటు వలన నిద్ర తగ్గినదా అని కూడా ఈ పద్ధతి చెప్పజాలదు.

తరువాతి పరిశోధనలు

2017 నుండి 2022 వరకు అదే కళాశాలలో రెండు వందలకు పైగా విద్యార్థులను వారి నాలుగేళ్ళ చదువు పొడవునా పరిశీలించారు. మధ్యలో కోవిడ్ మహమ్మారి వచ్చుట వలన ఈ పరిశోధనకు అనుకోని ప్రాముఖ్యం కలిగినది. 2020 ప్రారంభంలో విద్యార్థుల కదలిక తగ్గి, ఆందోళన, కుంగుబాటు పెరిగినట్లు నమోదైనది.

గమనించుట వేరు, సాయపడుట వేరు. రెండవదానికి ఉదాహరణ వోబాట్ అను సంభాషణా సాఫ్ట్‌వేరు. ఆలోచనా విధానాన్ని సరిదిద్దు చికిత్సను ఇది సందేశాల రూపంలో అందించేది. 2017లో ప్రచురితమైన ఒక పరీక్షలో 18–28 ఏళ్ళ వయసు గల 70 మంది పాల్గొనగా, రెండు వారాలలో వోబాట్ వాడినవారిలో కుంగుబాటు లక్షణాలు తగ్గినవి. ఆ యాప్ 2025 జూన్ 30న మూతబడినది.

గోప్యత

ఇటువంటి సమాచారం కళాశాల యాజమాన్యం చేతికి చిక్కిన ఎడల ఏమగును అన్నది తేలికైన ప్రశ్న కాదు. అర్ధరాత్రి ఎక్కడ ఉన్నావని నిలదీయుటకు అది పనికివచ్చిన నాడు విద్యార్థి ఫోనును గదిలో వదలి వెళ్ళును, అంతటితో పరికరం నిరుపయోగమగును. స్టూడెంట్‌లైఫ్‌లో విద్యార్థులు స్వచ్ఛందంగా చేరారు, పేర్లు తొలగించిన తరువాతనే సమాచారాన్ని ఇతర పరిశోధకులకు అందుబాటులో ఉంచారు.

భారతదేశంలో

నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇక్కడ ఫోను ప్రధానంగా మాటలాడు సాధనంగానే ఉపయోగపడుచున్నది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అను సేవను ప్రారంభించినది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ దీనికి కేంద్ర సంస్థ. 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాటలాడును, అవసరమైనచో మానసిక వైద్యునికి అప్పగించును. దీనికి 2024 అక్టోబరులో ఒక యాప్ కూడా వచ్చినది.

విశాఖపట్నంలో వైద్య విద్యా ప్రవేశ పరీక్షకు సిద్ధమగుచున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు జారీ చేసినది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హుడైన సలహాదారును నియమించవలెను. టెలి మానస్ వంటి సహాయ సంఖ్యలను వసతిగృహాలలో, తరగతి గదులలో, వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో ప్రదర్శించవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని అనేక ఆవాస జూనియర్ కళాశాలలు విద్యార్థులకు ఫోను అనుమతించవు. అటువంటి చోట గోడ మీది సంఖ్యకు విద్యార్థి ఎవరి ఫోను నుండి, ఎవరూ వినకుండా మాటలాడగలడన్నది ఆయా కళాశాలల ఏర్పాటు మీద ఆధారపడి ఉన్నది.