సెరెంగెటి మైదానంలో సాటి సముదాయాలు

‘సఫారీ’ అనే మాట మనకు పరాయిది కాదు. మన ఇండ్లలో వినిపించే ‘సఫర్’ అన్న అరబీ పదమే తూర్పు ఆఫ్రికా తీరానికి చేరి, స్వాహిలీ భాషలో ‘సఫారీ’గా స్థిరపడింది. అక్కడ ఇప్పటికీ దానికి ప్రయాణమనే అర్థం. కితాబ్, దునియా, ఖబర్ అనే మాటలు కూడా ఆ భాషలో ‘కితాబు’, ‘దునియా’, ‘హబారి’గా జీవిస్తున్నాయి. ఆ పేరుకు వేట, విలాసం అనే అర్థాలు ఆ తరువాత వచ్చి చేరాయి.

భూమిపై సంచరించి అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో పరిశీలించమని దివ్యఖుర్ఆన్‌లోని అన్కబూత్ సూరా మనల్ని ఆదేశిస్తుంది. నేలపై నడిచే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనవంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా 38వ ఆయతు తెలియజేస్తుంది. ఈ ప్రబోధాల వెలుగులో టాంజానియాలోని రెండు సుప్రసిద్ధ అభయారణ్యాలను పాఠకులకు పరిచయం చేయదలిచాము.

మొదటిది సెరెంగెటి. 1951లో జాతీయ పార్కుగా ఏర్పడిన ఈ మైదానం వైశాల్యం 14,763 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ ప్రతి సంవత్సరం పది లక్షలకు పైగా విల్డెబీస్టులు, వాటితోపాటు లక్షలాది జీబ్రాలు, జింకలు వానల వెంట వలయాకారంగా ప్రయాణిస్తాయి. సంవత్సరారంభంలో అవి దక్షిణ దిక్కున ఉంటాయి. అగ్నిపర్వతాల బూడిద పడి సారవంతమైన ఆ నేలలోని పొట్టి గడ్డిలో పాలిచ్చే తల్లులకు కావలసిన ఖనిజ లవణాలు పుష్కలం. విల్డెబీస్టు దూడల్లో అత్యధికం అక్కడే, కొద్ది వారాల వ్యవధిలోనే పుడతాయి. పుట్టిన కొన్ని నిమిషాలకే దూడ లేచి నిలబడుతుంది. అన్నీ ఒకేసారి పుట్టడం వల్ల సింహాలు, దుమ్ములగొండులు ఎన్నింటిని వేటాడినా అధిక భాగం బ్రతికి బయటపడతాయి. గడ్డి ఎండగానే మందలు పడమరకు, ఆపై ఉత్తరానికి సాగి, సుమారు జూలై నుండి అక్టోబరు వరకు మొసళ్ళున్న మారా నదిని దాటుతూ ఉంటాయి.

ఈ మందల మేతలోనూ ఒక క్రమం ఉంది. ఎత్తైన ముతక గడ్డిని జీబ్రాలు ముందుగా మేస్తాయి. దాని అడుగున బయటపడిన ఆకులను విల్డెబీస్టులు అందుకుంటాయి. ఆ తరువాత మొలిచే లేత చిగుళ్ళు చిన్న జింకలకు ఆహారమవుతాయి. ప్రతి ప్రాణికీ ఉపాధిని నిర్ణయించిన ప్రభువు ఏర్పాటు ఎంత సూక్ష్మమైనదో ఒక్క గడ్డిపరక చాటిచెబుతోంది.

అయితే ఈ మందలు ఎల్లకాలం ఇంత పెద్దవిగా లేవు. 1890 దశకంలో రిండర్‌పెస్ట్ అనే పశురోగం తూర్పు ఆఫ్రికాను కబళించింది. మసాయీ ప్రజల ఆలమందలు నశించి, వారు కరవు పాలయ్యారు. అడవి దూడలు సైతం దశాబ్దాలపాటు ఈ రోగానికి బలవుతూ వచ్చాయి. 1950 దశకం నుండి చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయడంతో రోగం అడవి జంతువులలోనూ అంతరించింది. ఫలితంగా 1961లో సుమారు 2.5 లక్షలుగా ఉన్న విల్డెబీస్టుల సంఖ్య 1977 నాటికి 13 లక్షలకు చేరింది. 2011లో రిండర్‌పెస్ట్‌ను ప్రపంచమంతటా నిర్మూలించినట్లు ప్రకటించారు. వన్యమృగాలకు ఎవరూ టీకాలు వేయలేదు. కాపరి ఆవును కాపాడితే అడవి తనంతట తానే కోలుకుంది. మానవుని క్షేమం, మృగాల క్షేమం వేర్వేరు కావనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం ఏముంటుంది?

ఆ కాపరులకు లభించిన ప్రతిఫలం మాత్రం వేరు. 1959లో మసాయీలను సెరెంగెటి నుండి తరలించి, పొరుగునున్న న్గోరోంగోరోను వేరే రక్షిత ప్రాంతంగా విడదీశారు. అక్కడ వన్యమృగాలతోపాటు వారూ నివసించవచ్చునన్నారు. దాని నడుమ సుమారు 600 మీటర్ల లోతున, 260 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న అగ్నిపర్వత బిలం ఉంది. ఏనుగులు, సింహాలు, నల్ల ఖడ్గమృగాలు ఒకే పళ్ళెంలో వడ్డించినట్లు కనిపించే ఆ చోటును చూడడానికే యాత్రికులు తరలివస్తారు. అయితే 1970 దశకంలో మసాయీల నివాసాలను ఆ బిలం నుండి కూడా తొలగించారు. 2022 నుండి న్గోరోంగోరో కుటుంబాలను దూరాన ఉన్న మ్సొమెరా గ్రామానికి తరలిస్తున్నారు. ఇది స్వచ్ఛందమని ప్రభుత్వం అంటోంది. బలవంతమని మసాయీ ప్రతినిధులు, మానవ హక్కుల సంస్థలు అంటున్నాయి. మన నల్లమల చెంచులకు కూడా ఇటువంటి ప్రశ్న కొత్తది కాదు.

దీనికి ఇస్లామీయ చరిత్రలో ఒక దృష్టాంతం ఉంది. దైవప్రవక్త (స) మదీనా పరిసరాలను పవిత్ర క్షేత్రంగా ప్రకటించి, అక్కడ చెట్లు నరకడాన్ని, వేటాడడాన్ని నిషేధించారు. ‘హిమా’ అనే రక్షిత పచ్చిక భూముల సంప్రదాయం కూడా ఆనాటిదే. హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనలో హునైయ్ అనే సేవకుణ్ణి అటువంటి భూమికి సంరక్షకునిగా నియమించారు. పీడితుని మొరకు భయపడమని హెచ్చరించారు. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గల పేదలను లోనికి రానివ్వమని, సంపన్నులైన సహాబీల మందలకు ప్రాధాన్యం ఇవ్వవద్దని ఆదేశించారు. మంద నశిస్తే ధనికునికి తోటలు, పొలాలు ఉంటాయి, పేదవాడు మాత్రం బిడ్డలతో వచ్చి తమ ముందు నిలబడతాడని కారణం చెప్పారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. భూమిని కాపాడడం ఎంత ధర్మమో, ఆ రక్షణ భారాన్ని పేదవాని మీద మోపకపోవడం కూడా అంతే ధర్మమని మేము దీని నుండి గ్రహిస్తున్నాము.

స్తోమత గల కుటుంబాలు ఈ ప్రయాణానికి పూనుకుంటే కొన్ని విషయాలు గమనించాలి. స్థానికులకు న్యాయమైన వేతనం ఇచ్చే నిర్వాహకులను విచారించి ఎంచుకోవాలి. వేటాడుతున్న చీతా చుట్టూ వాహనాలను మోహరించమని, బాట విడిచి గడ్డిలోకి నడపమని డ్రైవరును ఒత్తిడి చేయరాదు. మన ఫొటో కోసం దాని పిల్లలు ఆకలితో ఉండిపోవచ్చు. వాహనం దిగడానికి అనుమతించిన చోట్లను ముందే తెలుసుకొని నమాజు వేళలను సర్దుకోవాలి. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండు రకాతులకు కుదించబడుతుంది. మన దేశంలో పడమర వైపు తిరిగే మనం అక్కడ ఉత్తరానికి, కాస్త తూర్పుకు ఒరిగి నిలబడాలి. దారిలో మసాయీ పిల్లలను ఫొటో తీయదలిస్తే పెద్దల అనుమతి అడగడం కనీస మర్యాద.

దాహంతో ఉన్న కుక్కకు నీరు తాపినవానికి మన్నింపు లభించిందని, పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురయిందని ప్రవక్త (స) తెలిపారు. ఒక్క మూగజీవి విషయంలోనే లెక్క అంత నిక్కచ్చిగా ఉంటే, సముదాయాల విషయంలో ఎలా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. సింహాన్ని చూచి ‘సుబ్‌హానల్లాహ్’ అనడం సులభం. ఆ సింహానికి చోటిచ్చి తొలగిపోయిన కాపరి ఎక్కడ తలదాచుకున్నాడని అడగడం కూడా మన బాధ్యతేనని పిల్లలకు నేర్పుదాము.