అమెరికా చిన్న పట్టణాల పాత రైల్వే స్టేషన్లు: కూల్చివేత, పరిరక్షణ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రైలు మార్గం వెంబడి ఎదిగిన చిన్న పట్టణాలలో ఉత్తరం, వార్తాపత్రిక, తంతి, సరుకు, చుట్టం అన్నీ స్టేషన్ ద్వారానే ఊరిలోకి వచ్చేవి. ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో ఇటువంటి స్టేషన్ భవనాలు పెద్ద సంఖ్యలో నేలమట్టమయ్యాయి. కొన్ని మాత్రం మిగిలాయి. ఒకే కాలంలో, ఒకే విధమైన కారణాలతో మూతబడిన భవనాలలో కొన్ని కూలిపోగా కొన్ని నిలవడానికి గల హేతువులను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

1. నిర్మాణ స్వరూపం

చిన్న పట్టణపు స్టేషన్‌ను అక్కడి వాడుకలో 'డిపో' అంటారు. ఒకే కప్పు కింద ప్రయాణికులు వేచి ఉండే గది, ఏజెంటు గది, సరుకుల గది ఉండడం దీని సాధారణ స్వరూపం. ఏజెంటు గది కిటికీ గోడను దాటి పట్టాల వైపు పొడుచుకు వచ్చి ఉంటుంది. తంతి యంత్రం ముందు కూర్చున్న ఏజెంటు లేవకుండానే రెండు దిక్కులా మార్గాన్ని చూడగలగడం దాని ప్రయోజనం. ప్లాట్‌ఫారం మీద నిలుచున్నవారు తడవకుండా చూరు బాగా ముందుకు సాగి ఉంటుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి రైల్వే కంపెనీలు తరచుగా ఒకే నమూనాను అనేక ఊళ్లలో ఉపయోగించాయి. అందువల్ల విడిగా చూసినప్పుడు డిపో ఒక మామూలు కట్టడంగానే కనిపిస్తుంది. ప్రసిద్ధ శిల్పి పేరు గాని, అరుదైన శైలి గాని లేని భవనాన్ని కాపాడాలని వాదించడం కష్టం.

2. కూల్చివేతకు దారితీసిన పరిస్థితులు

కార్లు, రహదారులు పెరిగి ప్రయాణికులు తగ్గారు. 1967లో తపాలా శాఖ రైళ్లలో ఉత్తరాలను వర్గీకరించే ఒప్పందాలను చాలావరకు రద్దు చేయడంతో ప్రయాణికుల రైళ్లకు ముఖ్యమైన ఆదాయం పోయింది. 1971 మే 1న ఆమ్‌ట్రాక్ సంస్థ సేవలు ప్రారంభించినప్పుడు అప్పటికి నడుస్తున్న రైళ్లలో చాలా భాగం ఆగిపోయాయి. రైళ్ల రాకపోకలను దూరం నుంచే నియంత్రించే పద్ధతులు, రేడియో సదుపాయం వచ్చాక ఏజెంటు అవసరమూ తీరిపోయింది.

చాలాచోట్ల పట్టాల మీద గూడ్సు రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. భవనానికి మాత్రం పని లేకపోయింది. ఖాళీ భవనానికి ఆస్తి పన్ను, బీమా, మరమ్మతు ఖర్చులు తప్పవు. అందులో ఎవరైనా గాయపడితే బాధ్యతా తప్పదు. కంపెనీ లెక్కల ప్రకారం దానిని పడగొట్టడమే చౌక.

3. చట్టం: శక్తి, పరిమితి

న్యూయార్క్‌లో 1910లో ప్రారంభమైన పెన్సిల్వేనియా స్టేషన్ భవనాన్ని 1963లో కూల్చడం మొదలుపెట్టారు. దానిపై రేగిన ఆవేదన 1965 నాటి నగర పరిరక్షణ శాసనానికి, 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టానికి బలం చేకూర్చింది. 1978లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ వివాదంలో సుప్రీంకోర్టు నగర శాసనాన్ని సమర్థించింది.

ఈ విజయాలు చిన్న పట్టణాలకు నేరుగా అందలేదు. 1966 చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం ఫెడరల్ నిధులు లేదా అనుమతులు ఉన్న పనుల వల్ల చారిత్రక కట్టడాలపై పడే ప్రభావాన్ని సంబంధిత సంస్థ ముందుగా పరిశీలించాలి. పరిశీలన తర్వాత కూల్చరాదన్న నిషేధం అందులో లేదు. జాతీయ రిజిస్టర్‌లో చేరిన భవనాన్ని కూడా ప్రైవేటు యజమాని తన సొంత డబ్బుతో కూల్చాలనుకుంటే ఆ నమోదు అతనిని ఆపదు. ఆపగలిగేది స్థానిక శాసనం. అది లేని పట్టణంలో గడువు కోరడం, కొనుగోలు చేయడం తప్ప మార్గాంతరం ఉండదు.

4. నిలిచినవి, కూలినవి

హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ 1880 దశకంలో మసాచుసెట్స్‌లో పలు చిన్న స్టేషన్లకు రూపకల్పన చేశాడు. వాటిలో మొదటివాటిలో ఒకటైన ఆబర్న్‌డేల్ స్టేషన్ తర్వాతి కాలంలో రహదారి నిర్మాణానికి బలైంది. నార్త్ ఈస్టన్ స్టేషన్‌ను ఏమ్స్ కుటుంబం కొని 1969లో ఈస్టన్ చారిత్రక సంఘానికి అప్పగించింది. అది నేటికీ నిలిచి ఉంది. శిల్పి ఒక్కడే, దశకం ఒక్కటే. శిల్పి కీర్తి ఒక్కటే భవనాన్ని కాపాడలేదని, సకాలంలో యాజమాన్యం చేతులు మారడం నిర్ణాయకమని ఈ పోలిక తెలుపుతుంది.

అదే రాష్ట్రంలోని చాథమ్ స్టేషన్ 1887 నాటిది. మార్గం మూతబడ్డ తర్వాత, 1960లో అది రైల్వే మ్యూజియంగా మారింది. అక్కడ భవనాన్ని నిలిపింది కొత్త వినియోగం.

వినియోగాన్ని బట్టే ధనసహాయమూ మారుతుంది. 1986 నుంచి గుర్తింపు పొందిన చారిత్రక భవనాల పునరుద్ధరణ వ్యయంలో 20 శాతం పన్ను రాయితీ లభిస్తోంది. అయితే అది ఆదాయాన్నిచ్చే భవనాలకే వర్తిస్తుంది. స్టేషన్ హోటలుగానో కార్యాలయంగానో మారితే ఉపయోగపడే ఈ రాయితీ, స్వచ్ఛంద సంఘం నడిపే మ్యూజియానికి సాధారణంగా అందదు. 1991 నాటి రవాణా చట్టం రహదారి నిధులలో కొంత భాగాన్ని చారిత్రక రవాణా భవనాల పునరుద్ధరణకు కేటాయించి ఈ లోటును కొంత పూరించింది. రైలును వెనక్కి నెట్టిన రహదారి నిధులే డిపోల మరమ్మతుకు ఆధారం కావడం గమనార్హం.

5. తరలింపు సమస్య

కొన్ని సందర్భాలలో కంపెనీ భవనాన్ని నామమాత్రపు ధరకు ఇస్తుంది గాని, తన స్థలం నుంచి తీసుకుపొమ్మంటుంది. అప్పుడు తరలింపా, కూల్చివేతా అన్న రెండే దారులు మిగులుతాయి. తరలిస్తే కలప, కప్పు దక్కుతాయి. పట్టాలను చూడడానికి కట్టిన కిటికీ మాత్రం పార్కులోని పచ్చికను చూస్తుంది. స్థలంతో పాటు భవనపు అర్థంలో కొంత నశిస్తుంది. చోటు మారిన కట్టడాలకు జాతీయ రిజిస్టర్‌లో సాధారణంగా అర్హత ఉండకపోవడానికి కారణం ఇదే. నిర్మాణకళ దృష్ట్యా ప్రాముఖ్యం గలవాటికి, ఆయా వ్యక్తులతో, సంఘటనలతో బలమైన సంబంధం మిగిలి ఉన్నవాటికి మినహాయింపు ఉంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. చట్టం గడువునిస్తుంది, యజమానిని ఇవ్వదు. కీర్తి అభిమానాన్నిస్తుంది, వినియోగాన్ని ఇవ్వదు. తరలింపు కట్టడాన్ని దక్కిస్తుంది, స్థలాన్ని ఇవ్వదు. యాజమాన్యం, వినియోగం, స్థలం అనే మూడు ప్రశ్నలకు కప్పు కారడం మొదలయ్యే లోపే ఊరు సమాధానం వెతుక్కోవాలి. ఖాళీగా ఉన్న చెక్క భవనానికి యంత్రం కంటే ముందే వాన చేటు చేస్తుంది. కనుక డిపో పరిరక్షణ చివరి రైలు వెళ్లిన మర్నాడే మొదలుకావలసిన పని.