వేగము – ప్రకటన

హైదరాబాదు నగరమునకు దక్షిణమున జల్‌పల్లి యను ఊరు కలదు. అచటికి కొలది దూరములోనే శంషాబాదు విమానాశ్రయము. దాని ప్రధానమైన రన్‌వే పొడవు 4260 మీటర్లు. నేలపై పరుగెత్తు కారొకటి అంత దూరమును 30 సెకన్లలో దాటగలదని యెవరైన చెప్పినచో మీరు నమ్ముదురా?

అట్టి మాట నిజముగనే వెలువడినది. అమెరికాలోని ఎస్‌ఎస్‌సీ యను సంస్థ ‘టువటారా’ యను కారును నిర్మించినది. 2020 అక్టోబరులో నెవాడా రాష్ట్రమందలి యొక రహదారిపై ఆ కారు గంటకు 508.73 కిలోమీటర్ల సగటు వేగము నందుకొన్నదని ఆ సంస్థ చాటినది. గాలి వెనుకనుండి తోడ్పడిన లాభము పోవుటకై ఇట్టి పరీక్షలలో కారును రెండు దిక్కులకును పరుగెత్తించి సగటు కట్టుదురు.

ఆ పరుగు వీడియో కూడ వెలువడినది. చూచినవారిలో కొందరు ఊరక మెచ్చుకొని పోలేదు. దారి ప్రక్కనున్న రెండు గుర్తుల నడిమి దూరమును పటమునుండి గ్రహించిరి. కారు ఆ దూరమును దాటుటకు పట్టిన కాలమును వీడియోనుండి లెక్కించిరి. దూరమును కాలముచే భాగించినచో వేగము వచ్చునని మీరెరుగుదురు. ఆ చిన్న భాగహారమే అంత పెద్ద ప్రకటనను కదలించినది! వచ్చిన వేగము తెరపై కనబడిన అంకెకంటె చాల తక్కువ. తుదకు 2021 జూలైలో ఆ సంస్థయే తాము చాటిన వేగము అందలేదని ఒప్పుకొన్నది. ఆ యేటి జనవరిలోనే ఫ్లోరిడాలో మరల పరీక్షింపగా సగటు గంటకు సుమారు 455 కిలోమీటర్లు తేలియుండెను. అదియు అద్భుతమైన వేగమే గదా! ఉన్నది చాలకనా అంత హెచ్చించి చెప్పుట?

అంకె తప్పు కాకున్నను మోసపోవుటకు వీలు గలదు. కొన్ని పరీక్షలలో కారు ఒక అడుగు దూరము కదలిన పిమ్మటగాని గడియారమును నడిపింపరు. మిక్కిలి వేగముగా బయలుదేరు కారు ఆ యడుగు దాటుటకు సెకనులో ఐదవవంతు పట్టును. అప్పటికే దాని వేగము గంటకు సుమారు 10 కిలోమీటర్లు. ఆ కాలము లెక్కలోనికి రాదు. పెద్ద అక్షరములతో ‘రెండు సెకన్లు’ అని వ్రాసి, ఈ సంగతిని అడుగున చీమలబారువంటి అక్షరములలో వ్రాయుదురు.

మన దేశమున జరిగిన పరీక్ష యొకటి కలదు. మహీంద్రావారి యాజమాన్యమున ఇటలీలో తయారగు ‘బాటిస్టా’ యను విద్యుత్ కారు శక్తి 1900 అశ్వశక్తులు. మధ్యప్రదేశమందలి పీతంపురమున నాట్రాక్స్ అను పరీక్షాక్షేత్రము కలదు. అందలి వేగపు బాట 11.3 కిలోమీటర్లు. అచట ఒక మోటారు పత్రికవారు కొలువగా ఆ కారు పావు మైలును 8.55 సెకన్లలోను, అరమైలును 13.38 సెకన్లలోను దాటినది. స్థలము, దూరము, కొలిచినవారు – అన్నియు తెలిసిన అంకెలివి. 2023 ఫిబ్రవరిలో ఆ కారును హైదరాబాదునకు తెచ్చి ప్రదర్శించిరి. చూడవచ్చిన జనము ముందుగా అడిగినది దాని వేగమే కాబోలు!

శంషాబాదు ప్రక్కగా పోవు బాహ్యవలయ రహదారిపై వేగమునకు హద్దు గంటకు 120 కిలోమీటర్లు. అనగా సెకనునకు 33 మీటర్లు. ఆ రహదారిపై 1900 అశ్వశక్తుల కారునకును, జల్‌పల్లినుండి వచ్చు పాత కారునకును హద్దు అదియే.