పూర్తికాని ఆటకు ముందుగా పైకం

రెండేళ్ల క్రితం ఈదుల్ ఫిత్ర్ నాడు పెద్దలిచ్చిన ఈదీ సొమ్మును మా అబ్బాయి నెల తిరగకుండానే ఒక వీడియో గేమ్ కోసం ఖర్చు చేశాడు. అప్పటికి ఆ ఆట ఇంకా తయారీలోనే ఉన్నది. “ఇప్పుడు కొంటే చవక, అబ్బా! మిగతాదంతా తరువాత వస్తుందట” అన్నాడు. మేమూ పెద్దగా ఆలోచించకుండానే ఒప్పుకున్నాము. ఏడాది గడిచినా మిగతాది రాలేదు. తయారీదారుల నుండి కబురు కూడా ఆగిపోయింది. పోయిన సొమ్ము కన్నా, “పెద్దవాళ్లు మాట తప్పవచ్చా?” అని వాడు అడిగిన ప్రశ్నే మమ్మల్ని ఎక్కువగా బాధించింది.

ఇటువంటి అమ్మకాన్ని ‘ఎర్లీ యాక్సెస్’ అంటారు. ఆట పూర్తికాక ముందే దానిని అమ్మకానికి పెడతారు. కొన్నవారు ఆడుతూ లోపాలను తెలియజేస్తారు. ఆ సొమ్ముతో, ఆ సలహాలతో తయారీదారులు పని కొనసాగిస్తారు. కంప్యూటర్ ఆటలను విక్రయించే ‘స్టీమ్’ 2013 మార్చిలో దీనికోసం ఒక ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది. అంతకు ముందే, పిల్లలందరికీ తెలిసిన మైన్‌క్రాఫ్ట్ 2009 నుండి అసంపూర్ణ రూపంలో అమ్ముడవుతూ, 2011 నవంబరులో పూర్తి రూపంలో వెలువడింది.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. సముద్రగర్భంలో సాగే సబ్‌నాటికా అనే ఆట 2014 డిసెంబరులో ఈ విభాగంలో ప్రవేశించి, మూడేళ్లకు పైగా మెరుగులు దిద్దుకొని, 2018 జనవరిలో పూర్తయింది. ఓపికతో వేచి ఉన్నవారికి తగిన ఫలితం దక్కింది.

కానీ అన్నిటి ముగింపూ ఇలా ఉండదు. రాకెట్లను నిర్మించి అంతరిక్షంలోకి పంపే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 అనే ఆట 2023 ఫిబ్రవరిలో ఇదే విధంగా అమ్మకానికి వచ్చింది. ఇతర గ్రహాలపై ఆవాసాలు, నక్షత్రాల మధ్య ప్రయాణం, పలువురు కలిసి ఆడే ఏర్పాటు ముందుముందు చేరుతాయని తయారీదారులు ప్రకటించారు. మరుసటి ఏడాదే దానిని రూపొందిస్తున్న స్టూడియో మూతపడింది. అప్పటికి ఆ మూడింటిలో ఒక్కటీ రాలేదు.

అబ్బాయి ప్రశ్నకు సమాధానం వెతుకుతూ వాడు కొన్న ఆట పేజీని మళ్లీ తెరిచి చదివాము. ఈ ఆట అసంపూర్ణమైనదనీ, ఇకపై మారవచ్చు, మారకపోవచ్చుననీ, ఇప్పుడున్న స్థితిలో నచ్చకపోతే వేచి చూడమనీ అక్కడ స్పష్టంగా రాసి ఉన్నది. ఆ హెచ్చరికను వాడూ చదవలేదు, మేమూ చదవలేదు. తయారీదారులు మౌనం వహించడం తగని పనే. అయితే చదవకుండా పైకం చెల్లించిన తప్పు మాది.

ముందుగా పైకం చెల్లించి, సరుకును తరువాత తీసుకునే ఒప్పందం మనకు కొత్తది కాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో దానిని ‘సలమ్’ అంటారు. అయితే సరుకు రకం, పరిమాణం, అందజేసే గడువు ముందే తేటతెల్లంగా ఉండాలని ధర్మశాస్త్రవేత్తలు షరతు విధించారు. అస్పష్టత తగవుకు దారితీస్తుంది కదా! ఎర్లీ యాక్సెస్‌లో రాబోయే భాగాలకు ఇటువంటి స్పష్టత సాధారణంగా ఉండదు. కనుక వాటిని లెక్కలోనికి తీసుకోకుండా, ఈ రోజు చేతికి వచ్చేదానికి ఈ వెల తగునా అని ఆలోచించడమే క్షేమం.

కొనేముందు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఆట పేజీని చదవండి. ఎందుకు ముందుగా అమ్ముతున్నారు, ఎంతకాలం పట్టవచ్చు, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది, పూర్తయ్యాక ధర మారుతుందా అనే ప్రశ్నలకు తయారీదారుల జవాబులు అక్కడే ఉంటాయి. చివరిసారి ఎప్పుడు మార్పులు చేశారో కూడా గమనించండి. స్టీమ్‌లో కొన్న ఆటను 2 గంటల కన్నా తక్కువ సేపు ఆడి, 14 రోజులలోపు కోరితే సొమ్ము తిరిగి ఇస్తారు. కాబట్టి ఆట నచ్చిందో లేదో మొదటి గంటలోనే తేల్చుకోవాలి.

మొన్న మా అబ్బాయి మరో ఆటను చూపించాడు. ఈసారి పేజీ మొత్తం వాడే చదివి, “ఇప్పుడు ఇందులో ఉన్నది తక్కువే అబ్బా, పూర్తయ్యాక చూద్దాం” అన్నాడు. ఈ సంవత్సరం ఈదీ సొమ్ము ఇంకా వాడి దగ్గరే ఉన్నది.