శోథయు రక్తఫలకికల ఉత్పత్తియు

జ్వరమున ప్లేట్‌లెట్లు తగ్గునను మాట డెంగ్యూ మూలమున నేడు ఇంటింట తెలిసినదే. శోథ వలన అవి పెరుగుటయు కలదని ఎరిగినవారు కొందరే.

ప్లేట్‌లెట్లనగా రక్తమును గడ్డకట్టించు ఫలకికలు. ఘన మిల్లీమీటరు రక్తమున ఇవి సామాన్యముగా 1,50,000 మొదలు 4,50,000 వరకు ఉండును. వీని ఆయువు 8 లేక 10 దినములు మాత్రమే కావున ఎముకల మూలుగ వీనిని నిత్యము పుట్టించుచుండవలెను. మూలుగలోని మెగాకేరియోసైట్లను పెద్ద కణముల నుండియే ఇవి తునకలుగా విడివడునని 1906లో జేమ్స్ హోమర్ రైట్ తెలిపెను.

ఆ పెద్ద కణములను పోషించు ద్రవ్యము త్రాంబోపోయిటిన్. 1994లో శాస్త్రజ్ఞులు దీనిని వేరుపరచిరి. దీనిని ముఖ్యముగా కాలేయము తయారుచేయును. రక్తములోని ఫలకికలు దానిని గ్రహించి తగ్గించును. ఫలకికలు తరిగిన ద్రవ్యము మిగులును, మూలుగ పని హెచ్చును. ఇది మిక్కిలి చక్కని కట్టుబాటు.

శోథ ఈ కట్టుబాటును దాటించును. క్షయ, కీళ్లవాతము వంటి వ్యాధులలో రక్షక కణములు ఇంటర్‌లూకిన్-6 అను పదార్థమును విడుచును. దాని ప్రేరణచే కాలేయము త్రాంబోపోయిటిన్‌ను అధికముగా చేయును. గాదె నిండియుండగనే మరల ధాన్యము తెప్పించినట్లు, కొరత లేకయే ఫలకికలు పెరుగును.

ఇట్టి రోగి పరీక్షాపత్రమున 6,00,000 అని చూచి ఇంటివారు బెదరుదురు. తరచుగా చికిత్స కోరునది ఆ సంఖ్య కాదు, శోథయే. అది శమించిన సంఖ్యయు దిగును. దిగక నిలిచినచో ఇనుము లోపమో, మూలుగ వ్యాధియో, దాగిన పుట్టకురుపో కలదేమోనని వైద్యుడు వెదకవలసియుండును.