చిన్న రైతు ఎందుకు వెనకాడుతున్నాడు? ఏనెబావి చెప్పే జవాబు



"ప్రకృతి వ్యవసాయం మంచిదే సార్, కానీ ఈ ఏడు పంట పోతే అప్పు ఎవరు కడతారు?" ఏ ఊరికి పోయినా వినపడే మాట ఇది. దీన్ని భయం అని కొట్టిపారేయొద్దు. పదెకరాలున్న రైతు ఒక ఎకరంలో ప్రయోగం చేసి చూడగలడు. రెండెకరాల రైతుకి ఆ రెండెకరాలే తిండి, అవే పిల్లల చదువు.

మరి అడ్డం పడేవి ఏమిటి?

మొదటిది ఆవు, పని. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కావాలంటే 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను కావాలి. రోజుకి రెండుసార్లు కలపాలి. (కలిపే పద్ధతి వీడియోలో చూడండి.) ఆవు లేని ఇంట్లో, మనిషి సాయం లేని ఇంట్లో యూరియా బస్తానే సులువు అనిపిస్తుంది.

రెండోది కౌలు. వచ్చే ఏడు చేను ఉంటుందో లేదో తెలియనప్పుడు, మూడేళ్లకు బాగుపడే నేల మీద ఎవరు కష్టపడతారు?

మూడోది అమ్మకం. మందు లేని పంటకీ మార్కెట్లో అదే ధర.

ఇప్పుడు జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనెబావి సంగతి చూద్దాం. ఆ ఊరు ఒక్కరోజులో మారలేదు. ముందు ఆముదం చేలల్లో ఎర్ర గొంగళి పురుగు మీద పోరాటం. రెక్కల పురుగులను మంటలు పెట్టి ఊరంతా కలిసి పట్టుకున్నారు. ఒక్కరే మంట పెడితే లాభం లేదు, పక్క చేలోంచి మళ్లీ వస్తాయి. ఆ తర్వాత పురుగు మందులు మానేశారు, ఆపైన రసాయన ఎరువులు. 2006 నాటికి ఊరంతా రసాయనాలు లేని ఊరు అయింది.

ఇందులో నేర్చుకోవాల్సింది ఇదే. ముందు ఖర్చు తగ్గే పని, ఆ తర్వాత పెద్ద అడుగు. ఒంటరిగా కాదు, పదిమందితో.

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా మహిళా సంఘాలనూ, తోటి రైతులనూ నమ్ముకునే నడుస్తోంది. అధికారి పది మాటలు చెప్పేదాని కన్నా పక్క చేను రైతు పంట చూపిస్తే నమ్మకం ఎక్కువ.

కాబట్టి ఈ ఖరీఫ్‌లో అర ఎకరంతో, ఇంట్లో తినే పంటతో మొదలుపెట్టండి. ఆవు లేకపోతే నలుగురు కలిసి ఒకచోట జీవామృతం చేసుకోండి. ప్రతి ఖర్చూ నోటు పుస్తకంలో రాయండి. పంట చేతికొచ్చాక పక్కవాళ్లకు మాటలు కాదు, ఆ లెక్క చూపించండి.