చరిత్ర లేని చరిత్ర

హాజరు పట్టీలో పొరపాటు దొర్లితే దానిని రబ్బరుతో చెరపక, గీత కొట్టి, పక్కన సంతకము చేయడము అధ్యాపకులమైన మాకు అలవాటు. పాత అక్షరము కనబడుతూ ఉండడమే దస్త్రమునకు విశ్వసనీయత. అనేకులు కలిసి కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసేచోట ఈ నియమమును పాటించే వ్యవస్థలలో "సబ్‌వెర్షన్" ఒకటి. దాని తొలి ప్రామాణిక రూపము 2004లో వెలువడినది. అందులో ప్రతి మార్పుకు ఒక వరుస సంఖ్య ఉంటుంది. పాత ప్రతులు భద్రముగా ఉంటాయి. ఇద్దరు ఒకే ఫైలును మార్చితే, వెనుక వచ్చిన వారి ప్రతి పాతబడినదని చెప్పి వ్యవస్థ దానిని తిరస్కరిస్తుంది.

అయితే ఈ రక్షణ అన్నింటికీ లేదు. ప్రతి మార్పుతోపాటు అది చేసినవారి పేరు, తేదీ, చేసిన కారణము కూడ నమోదవుతాయి. విచిత్రమేమంటే, చరిత్రను చెప్పే ఈ వివరములకే చరిత్ర లేదు. వాటిని దిద్దితే పాత వాక్యము తుడిచిపెట్టుకొని పోతుంది. అందుచేతనే నిర్వాహకుడు ప్రత్యేకముగా అనుమతి ప్రోగ్రామును అమర్చనిదే సబ్‌వెర్షన్ ఇట్టి దిద్దుబాటును అంగీకరించదు.

అనుమతి లభించినంత మాత్రాన ఆపద తొలగదు. ఒక మార్పు వివరణను ఇద్దరు ఒకేసారి చదివారనుకుందాము. ఒకరు అందులో ఒక ముఖ్యమైన కారణమును చేర్చారు. మరొకరు తాము మొదట చదివిన ప్రతిలోనే అక్షరదోషమును సవరించి, మరుక్షణమే భద్రపరిచారు. చేర్చిన కారణము మాయమైనది. ఎవరికీ హెచ్చరిక రాలేదు. చదవడమునకు, వ్రాయడమునకు నడుమ గల స్వల్ప విరామమే ఈ అనర్థమునకు మూలము. దీనినే "రేస్ కండిషన్" అంటారు.

భాండారమునకు నకలు తీసే "ఎస్‌వీఎన్‌సింక్" అనే సాధనము, తాను పనిలో ఉన్నట్లు తెలుపుటకు నకలులోని సున్న సంఖ్య వద్ద ఇట్టి వివరమునే తాళముగా వ్రాస్తుంది. ఒకే సమయమున రెండు సాధనములు చూచి, తాళము లేదని తలచి, రెండూ ప్రవేశించే అవకాశము పూర్వము ఉండేది.

2011లో వచ్చిన 1.7 రూపము దీనికి పరిహారము చూపినది. దిద్దే ప్రోగ్రాము కొత్త వాక్యముతోపాటు తాను చూచిన పాత వాక్యమును కూడ పంపవచ్చును. అది ఇంకా అట్లే ఉంటేనే మార్పు జరుగుతుంది. పోల్చడము, వ్రాయడము విడదీయరాని ఒకే పనిగా సాగుతాయి. కాని పాత వాక్యమును పంపకుండ వ్రాసేవారిని ఈ ఏర్పాటు ఆపదు. కనుక మార్పు జరిగిన పిమ్మట పాత వాక్యమును వేరుగా దాచే ప్రోగ్రామును కూడ నిర్వాహకుడు అమర్చుకొనుట మేలు.

పదిమందికి చెందిన దస్త్రమును దిద్దబోయే ముందు, మనము చదివినది ఇంకా అట్లే ఉన్నదా అని చూచుకొనడము మన ధర్మము.